సీఫ్‌లో ఫ్రెంచి చాకిరేవు

నేను ఫ్రాన్సు మొహం ఎప్పుడూ చూడలేదు. అయినా అక్కడ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి గురించి, ఆ ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని బట్టలుతికిన ఆడవాళ్ల గురించి మా ఏలూరు కాలవ గురించి చెప్పినంత ధీమాగా చెప్పగలను. అదంతా బహ్రెయిన్‌లో, ఒక మాల్‌లో నేలలు తుడిపించే ఉద్యోగంలో ఉండగా తెలిసింది. గల్ఫ్ వెళ్లబోయే అమ్మాయిలు ఇప్పటికీ మా ఇంటికొచ్చి, "ఆంటీ, అక్కడ ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడుగుతుంటారు. పాస్‌పోర్టు సంగతీ ఎండల సంగతీ ఎవరైనా చెబుతారు. నేను ఒక చెక్కపెట్టె సంగతి చెబుతాను. సగం మంది మధ్యలోనే ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు. రాసి పెడితే ఆ బాధ నాకు కనపడదు కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల ఐదు ప్రాంతంలో మా క్లీనింగ్ కంపెనీకి అక్కడి సీఫ్ అనే పేటలో ఒక పెద్ద మాల్ పని దొరికింది. నేను ఆడవాళ్ల బ్యాచ్‌కి సూపర్‌వైజర్ని. పేరుకే సూపర్‌వైజర్ని, ఎవరికైనా జ్వరం వస్తే బకెట్టు నా చేతికే వచ్చేది. నా బ్యాచ్‌లో ఒకే ఒక సూత్రం ఉండేది: మరక ఎవరిదని అడగకూడదు, కనపడితే తుడవాలి. అక్కడి పాలరాతి నేల మీద అద్దంలో చూసుకున్నట్టు మొహం చూసుకోవచ్చు. చాలామంది చూసుకునేవాళ్లు కూడా. అది మా వల్లే అని వాళ్లకి తట్టేది కాదు, మాకు మాత్రం తట్టకుండా ఒక్క రోజు గడిచేది కాదు.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా మంచి చెయ్యి ఒక గోదావరి లంక నుంచి వచ్చిన అమ్మాయిది. మేమంతా లంకమ్మాయి అనేవాళ్లం. ముప్పై లోపే ఉంటుంది. మాట తక్కువ, పని ఎక్కువ. చెల్లెల్ని నర్సింగు చదివిస్తోంది, ఇంకో ఏడాది గడిస్తే ఆ పిల్ల చదువు అయిపోతుందని ఎదురుచూసేది. ఏ మరక దేనితో వదులుతుందో చూడగానే చెప్పేసేది. "ఇంత పని ఎక్కడ నేర్చుకున్నావే?" అంటే, "ఇంటికాడేనండి" అని నవ్వేసేది.

మన తెలుగువాళ్ల గురించి మీకు తెలియంది కాదు. సముద్రం దాటి వచ్చి, క్యాంపులో ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని పడుకున్నా, కొత్త మనిషి కనపడగానే ముందు ఊరు అడుగుతాం. తర్వాత ఆ ఊళ్లో ఏ వీధి అని. తర్వాత నాన్న ఏం చేస్తాడని. అసలు తెలుసుకోవాలనుకున్న మాట మాత్రం నోటితో అడగం, చుట్టూ తిరిగి అక్కడికే చేరతాం. శుక్రవారం మా తెలుగు సహవాసంలో ప్రార్థన అయ్యాక టీ దగ్గర కూడా ఇదే వరస. లంకమ్మాయిని అలా అడిగినప్పుడల్లా, "మాది కొబ్బరి తోటండి" అనేది. తోట ఉన్నవాళ్లు ఇక్కడ మరుగుదొడ్లు కడగడానికి ఎందుకొచ్చారని మా వాళ్లు వెనకాల గుసగుసలాడేవారు. ఏదో అప్పుల పాలై ఉంటారులే అని నేనే సర్దిచెప్పేదాన్ని.

ఆ చలికాలం మాల్‌లో ఫ్రెంచి ప్రదర్శన ఒకటి పెట్టారు. సెంట్లూ, జున్నూ, చాక్లెట్లూ అమ్మే కొట్ల మధ్య ఒక చిన్న నదీతీరపు ఊరిని కట్టి చూపించాలని ఎవరికో ఆలోచన వచ్చింది. ఆ ఊరి నుంచే ఒక ముసలావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది, పొట్టి జుట్టు, మెడలో ఎప్పుడూ ఒక నీలం గుడ్డ. రిటైరైన టీచరట. ఊళ్లో ఆవిడా, ఆవిడ ఈడు వాళ్లూ కలిసి పాత సామాన్లు పోగుచేసి ఒక చిన్న మ్యూజియం నడుపుతున్నారట. ఆ ఊరి పేరులో రాసే అక్షరాల్లో సగం పలకరు. మా నోళ్లకి అది ఎటూ పలకలేదు, అంచేత మాకది మామ్మగారి ఊరు, ఆవిడ ఫ్రెంచి మామ్మ.

ప్లైవుడ్డుతో, ఫైబరుతో ఊరు లేచింది. ఒక వంతెన, బూడిద రంగు రాళ్ల గట్టు, గోడ మీద ఏయే వరదకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీసిన గీతలు. మా లంకమ్మాయి ఆ గీతల ముందు చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "మా బడి గోడకీ ఉన్నాయండి ఇలాంటియ్యి" అని నాతో అంది. తనంతట తాను ఊరి మాట ఎత్తడం అదే మొదటిసారి. గట్టు కింద పెంకుల కప్పు వేసిన ఒక పాక, అందులో నీళ్ల తొట్టి, చుట్టూ ఏటవాలు రాళ్లు. అది వాళ్ల ఊరి చాకిరేవు. ఆ ఊరివాళ్లకి గుడి తర్వాత గొప్ప కట్టడం అదేనట.

మామ్మకి మా చిక్కటి కరక్ చాయ్ నచ్చింది. వెనక వరండాలో, చెత్త బళ్ల పక్కన, మాతోపాటు కూర్చుని తాగేది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి ఒకదాన్ని ఒకటి పట్టుకుని బాగానే నడిచేవి. ఒక మధ్యాహ్నం ఆవిడ పెద్దది చేయించిన ఒక పాత ఫోటో తెచ్చి చూపించింది. నది అంచున వరసగా ఆడవాళ్లు, ఒక్కొక్కరు ఒక్కో చెక్కపెట్టెలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. పెట్టెకి మూడు వైపులే చెక్క, వెనక ఖాళీ. మోకాళ్లు తడవకుండా, రాయి గుచ్చుకోకుండా లోపల గడ్డి వేసుకునేవారట. వరసలో మూడో మనిషి తన తల్లి అని మామ్మ వేలు పెట్టి చూపించింది. ఆ తల్లి పెట్టె కూడా వెంట తెచ్చిందట, ప్రదర్శనలో అన్నిటికన్నా ముందు పెడతారట. అందరం వంగి చూశాం. లంకమ్మాయి కూడా చూసింది, చూసి, చాయ్ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయింది. నాకు వింతగా అనిపించింది కానీ పనుల్లో పడి మర్చిపోయాను.

ప్రారంభానికి ముందు రోజు పొద్దున నా సూత్రం ప్రకారమే అంతా తుడిచాం. ఫైబరు రాళ్ల మీద రంగులవాళ్లు కష్టపడి వేసిన నకిలీ నాచును నిజం నాచనుకుని మావాళ్లలో ఒకామె గోకబోతే పట్టుకుని ఆపాను. ఆ గొడవలో ఉండగా లంకమ్మాయి ఎక్కడుందో నేను చూడలేదు. ఆ పిల్ల మామ్మ తల్లి పెట్టెను పార్కింగు మిద్దె మీదకి తీసుకెళ్లింది. లోపలి గడ్డి చెత్తసంచిలో వేసింది. సబ్బుపొడితో, గట్టి బ్రష్షుతో, మూలమూలలా తోమింది. ఎండలో ఆరబెట్టి, తెచ్చి, దాని చోట దాన్ని పెట్టింది. నేను చూసేసరికి ఆ పెట్టె నిన్ననే వడ్రంగి కొట్టు నుంచి వచ్చినంత తెల్లగా ఉంది. నా ప్రాణం పోయినంత పనైంది.

నేనేదో అనేలోపే ఫ్రెంచి మామ్మ వచ్చేసింది. పెట్టె దగ్గర ఆగింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వంగి, ఒక్కసారి చెక్క మీద వేలు రాసి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచి వెళ్లిపోయింది. కళ్లలో నీళ్లు అందరం చూశాం. ప్రదర్శనలు చూసుకునే మాల్ మేనేజరు కూడా చూశాడు. చూసి, మా మీద విరుచుకుపడ్డాడు. మ్యూజియం వస్తువు, ఎన్నేళ్ల నాటి మట్టి, ఫ్రెంచివాళ్లకి ఏం సమాధానం చెప్పాలి, ఎవరు చేశారిది అని హిందీలో అరిచాడు.

లంకమ్మాయి ముందుకొచ్చి, "నేనేనండి" అంది. హిందీలో కూడా కాదు, తెలుగులోనే. ఆయనకి అర్థమైపోయింది.

మధ్యాహ్నానికల్లా మా కంపెనీ ఆఫీసు నుంచి కబురు. ఆ అమ్మాయిని ఇంటికి పంపించేయమని కఫీల్, అంటే మా వీసాలిచ్చిన యజమాని, అన్నాడు. ఖలాస్, ఇక అంతే. చెల్లెలి చదువు మధ్యలో ఆగుతుంది, మళ్లీ గల్ఫ్ వీసా దొరకదు. ఆ పిల్ల ఏడవలేదు. బ్రష్షులు కడిగి, ఆరబెట్టి, యూనిఫాం మీద తడి తుడుచుకుంది. నాకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఇంత తెలివైన మనిషి ఇంత తెలివితక్కువ పని ఎలా చేసిందా అని ఒళ్లు మండింది.

మా వ్యాన్ నడిపే భాయ్‌ది నిజామాబాద్. క్యాంపుకి దింపమంటే ఆయన బండి స్టార్టు చెయ్యలేదు. "అక్కా, ముసలామె జింజ్‌ల ఉంటది, నిన్న నేనే దింపిన. జర పోయి మాఫీ అడుగుర్రి. దుబాయికొచ్చి ఇంత జల్ది వాపస్ పోతారా ఎవలన్న? ఆమె ఒక్క మాట చెప్తే మేనేజరేం జేస్తడు?" అన్నాడు. బహ్రెయిన్‌లో ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నా ఆయనకి అది దుబాయే.

జింజ్‌లో తెలిసినవాళ్ల ఫ్లాట్‌లో దిగింది మామ్మ. సాయంత్రం ఎండ ఇంకా కిటికీల మీద ఉంది. తలుపు ఆవిడే తీసింది, మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుని లోపలికి రమ్మంది. లంకమ్మాయి సోఫాలో కూర్చోలేదు. దారిపొడుగునా నేను నేర్పిన "సారీ మేడం" అప్పజెప్పింది. మామ్మ తల ఊపి, ఎందుకు కడిగావని అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"తెలియక చేశానని చెప్పవే" అని నేను గొణిగాను.

"తెలియక కాదండి అక్కా, తెలిసే చేశాను."

నేను తల పట్టుకున్నాను.

"ఆ ఫోటోలో ఆవిడమ్మగారిని చూశాను కదండి. రేపు అంత పెద్దోళ్లు వత్తారంట. మట్టీ పెంటా కొట్టుకుపోయిన పెట్టె అందరి ముందూ పెడితే చూసినోళ్లు ఆ తల్లిని ఏవనుకుంటారండి? చాకలోళ్ల సామాను అలాగుంటదా? ఊరందరి మురికీ వదలగొట్టేవోళ్లు తమ పెట్టె తాము కడుక్కోరా? ఆవిడకి తోచలేదేమోలే, నేను చేసెడదాం అనుకున్నానండి."

"ఆ సంగతులన్నీ నీకేం తెలుసే?"

"మా అమ్మ చాకలండి" అంది.

నేను నోరు తెరిచాను. "మరి కొబ్బరి తోట?"

"తోట మాది కాదండి. ఆ తోటలోళ్ల బట్టలు మా అమ్మ ఉతికేది."

మామ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఈ మాటలన్నీ ఇంగ్లీషులోకి తిప్పాల్సింది నేను. ఇన్నాళ్లు ఒకే గదిలో తిని పడుకున్న మనిషి దాచుకున్న మాటని, ఆ మనిషి పక్కనుండగా, నా నోటితో పైకి అనడం నావల్ల కాలేదు. మా గది గుసగుసలన్నీ చెవుల్లో మోగాయి. మేమందరం కలిసి ఈ పిల్ల చేత ఆ తోట నాటించాం అనిపించింది.

"చెప్పండక్కా, పర్లేదు" అంది తనే.

చెప్పాను. మామ్మ లంకమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ తల్లి ఊళ్లో పెద్ద వకీలు ఇంటి బట్టలతో సహా అందరివీ ఉతికేదట. బళ్లో పిల్లలు అడిగితే మా అమ్మ కుట్టుపని చేస్తుందని ఈవిడ అబద్ధం చెప్పేదట. టీచరు ఉద్యోగం వచ్చాక కూడా చెప్పేదట. తల్లి పోయాక పెట్టెను కోళ్ల గూటిలో పడేశారు. కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి. ఎన్నో ఏళ్ల తర్వాత ఊళ్లో పాత సామాన్లకి గౌరవం వచ్చినప్పుడు బయటికి తీసి మ్యూజియంకి ఇచ్చింది. కడుగుదామంటే మ్యూజియం పెద్దలు వద్దన్నారట, ఆ మట్టే దాని చరిత్ర అన్నారట.

"నది మట్టి అని అందరూ వంగి చూస్తారు. నేనూ ఏం అనను" అంది మామ్మ. "అది కోళ్ల పెంట."

ఇది తెలుగులో చెప్పేసరికి లంకమ్మాయి ఫక్కున నవ్వింది, చేత్తో నోరు మూసుకుంది. మామ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ప్రతి శనివారం తన తల్లి ఆ పెట్టెను ఇసుకతో తోమి గుమ్మం ముందు ఆరబెట్టేదట. పొద్దున దాన్ని అలా తెల్లగా చూడగానే తల్లి ఇప్పుడే లోపలికి వెళ్లిందేమో అనిపించిందట. అందుకే నిలబడలేక వచ్చేసిందట. ఆ కన్నీళ్లని మేనేజరు కోపం అనుకున్నాడు, నేను వస్తువు పాడైందన్న బాధ అనుకున్నాను. వెళ్లి అడిగినవాళ్లు ఎవరూ లేరు, భాయ్ చెప్పేదాకా నాకూ తోచలేదు.

మర్నాడు పొద్దున్నే మామ్మ మేనేజరు గదికి వెళ్లింది. అరగంటలో ఆయన మొహం చాటంత చేసుకుని బయటికొచ్చాడు. లంకమ్మాయిని పంపక్కర్లేదు, పైగా ఆయనకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఈ అమ్మాయి తల్లి కూడా బట్టలుతికేదట కదా, ఈమెకి ఫ్రెంచి వేషం వేసి, తెల్ల టోపీ పెట్టి, ఆ పెట్టెలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అతిథుల ముందు బట్టలు ఉతికిద్దాం అన్నాడు. పేపర్లో ఫోటో వస్తుందన్నాడు. మామ్మకి కూడా తప్పనిపించలేదు. వాళ్ల ఊళ్లో ఏటా ఒక పండగ రోజు అలాగే చేస్తారట. టోపీ అప్పటికే ఆవిడ చేతిలో ఉంది.

నేను తెలుగులో చెప్పాను. లంకమ్మాయి టోపీ వైపు చూసింది, తొట్టి వైపు చూసింది.

"నేను చెయ్యనండి."

"ఒసేయ్, నిన్ననే కదే ఉద్యోగం పోయి వచ్చింది! ఒక్క గంట కూర్చుంటే ఏం పోయింది?" అన్నాను. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు.

"ఈ మాలంతా తుడవమనండి, తుడుత్తాను. దొడ్లు కడగమనండి, కడుగుతాను. అది డ్యూటీ. మా అమ్మ మోకాళ్లు కాయలు కాసిపోయాయండి. ఒడ్డున కూకుని ఆట చూసినట్టు చూసేవోళ్లు ఆసాముల పిల్లలు. నేను ఆ పక్కన ముఖం దాచుకునేదాన్ని. మళ్లీ జనం ముందు ఆట కింద అది నాచేత కాదండి. పంపించేత్తే పంపించెయ్యమనండి."

చెల్లెలి చదువు గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను. అది ఆమెకి తెలియదా? ఉన్నది ఉన్నట్టు మామ్మకి చెప్పాను. ఈసారి ఏ మాట దగ్గరా ఆగలేదు.

మామ్మ చేతిలో టోపీని రెండుగా మడిచింది. "మా ఊళ్లో పండగకి పెట్టెలో కూర్చునేది డాక్టరు భార్య, బ్యాంకు ఆఫీసరు చెల్లెలు" అంది మెల్లిగా. "తల్లులు నిజంగా ఉతికినవాళ్లం ఇంకా ముగ్గురం ఉన్నాం. మమ్మల్ని ఏటా అడుగుతారు. మేం ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది." టోపీ తన సంచిలో వేసుకుంది. మేనేజరు ఏదో అనబోతే, ఉతికే మనిషి లేకపోతే ప్రదర్శనకి లోటేమీ లేదు, ఈ అమ్మాయిని పంపిస్తే మాత్రం తన పెట్టె కూడా ఇవ్వాళే వెనక్కి వెళ్తుందని చెప్పింది. ఆవిడ టీచరు గొంతు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆయనా వినే ఉంటాడు, సరేనని తన గదిలోకి వెళ్లిపోయాడు.

కొత్త గడ్డి పరుద్దామని నేను తెస్తే మామ్మ వద్దంది. పెట్టె అడుగు చూపించింది. ఇన్నేళ్లూ పెంట కింద కప్పబడి ఉన్న చెక్కలో, పక్కపక్కనే రెండు గుంటలు నున్నగా అరిగి ఉన్నాయి. మోకాళ్లవి. వాటిని ఆవిడ కూడా అంతకుముందు చూడలేదట. లంకమ్మాయి వంగి, వాటి మీద పేరుకున్న ఎండు సబ్బుపొడి తన యూనిఫాం అంచుతో తుడిచింది. సాయంత్రం సూట్లవాళ్లూ తెల్లటి పొడుగు థోబులు తొడుక్కున్న అరబ్బులూ వచ్చి ఆ గుంటల ముందు నిలబడ్డారు. ఏమీ రాసి పెట్టకపోయినా అవేమిటో ఎవరూ అడగలేదు.

ప్రదర్శన అయ్యాక మామ్మ తన ఊరు వెళ్లిపోయింది. లంకమ్మాయి చెల్లెలి చదువు పూర్తయ్యేదాకా, ఆ తర్వాతా మాతోనే ఉంది. క్యాంపులో మాత్రం ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఆ సాయంత్రం తిరుగు దారిలో అంతా విన్న భాయ్ కూడా చెప్పలేదు. చెప్పుకోవాలో వద్దో తనిష్టం.

కొన్నాళ్లకి గోదావరి వైపు నుంచే ఇంకో కొత్త పిల్ల వచ్చింది. మొదటిరోజు అన్నాల దగ్గర మావాళ్లు మామూలుగానే చుట్టూ మూగారు. ఏ ఊరమ్మా? ఏ వీధి? నాన్నగారేం చేస్తారు? ఆ పిల్ల కంచంలో వేళ్లు తిప్పుతూ, "మాకు పొలం..." అని ఆగిపోయింది. నేనేదో అని మాట మార్చబోయాను.

లంకమ్మాయి చెయ్యి కడుక్కుని లేచింది.

"మా అమ్మ చాకలి" అంది అందరికీ వినపడేలా. "గోదాట్లో ఊరందరి బట్టలూ ఉతికింది. నీకు చెప్పాలనిపిత్తే నువ్వు చెప్పు, లేకపోతే మానెయ్యి. తిన్నావా? ఆ బ్రష్షు అందుకో, పని చూపిత్తాను."

కొత్త పిల్ల బ్రష్షు అందుకుంది.